తొండుపల్లి అమ్మవారికి కాగితం చీర

ఈ ప్రయాణానికి మూలకారణం ఒక అబద్ధం. హాస్టల్లో భోజనాల దగ్గర, పాత శాసనాల లిపి నాకు కొట్టిన పిండి అని నలుగురూ వినేలా ప్రకటించాను. నిజానికి నాకు వచ్చింది శాసనానికి కాగితం మీద అచ్చు తీయడం ఒక్కటే. చదవడం మా చరిత్ర అధ్యాపకుల పని. విన్న నలుగురిలో ఒకడికి తొండుపల్లిలో మేనమామ ఉన్నాడు. వారం తిరక్కుండా కార్డు వచ్చింది: "మా ఊళ్ళో అక్షరాల రాయి అరిగిపోతున్నది. తమరు దయచేసి చదివిపోగలరు. ఇట్లు, పాత ముచ్చట్ల సంఘం." నన్ను 'తమరు' అని సంబోధించిన మొట్టమొదటి ఉత్తరం అది. అంత మర్యాదకు లొంగకపోవడానికి నేనేమైనా మునినా?

కాచిగూడలో పొద్దున ఏడింటి బండి ఎక్కితే ఎనిమిదిన్నర లోపు ఉమ్దానగర్‌లో దిగవచ్చు. మూడో తరగతి మూడణాలు. కూర్చునే చోటు ఆ మూడణాల్లో చేరదు. స్టేషన్ నుంచి శంషాబాద్ బజారు మీదుగా తొండుపల్లికి ఎడ్లబండిలో గంటన్నర, కిరాయి నాలుగణాలు. బండి తోలే సాయిలు, నా సంచిలోంచి తొంగిచూస్తున్న కుంచెనూ కాగితపు చుట్టనూ చూసి, ఎవరింటికి సున్నం వెయ్యడానికని అడిగాడు. రాయి చదవడానికని గంభీరంగా సెలవిచ్చాను.

"రాయి సదువుడేంది బాబూ," అన్నాడు సాయిలు. "పట్నంల పుస్తకాలు ఒడిసినయా?"

అంతలో ఊరొచ్చింది.

సంఘమంటే ఒక గది, ఇద్దరు మనుషులు. ఉర్దూ బడి పంతులు కరీం సాబు అధ్యక్షులు, మా హాస్టల్ మిత్రుడి మేనమామ, రైతు మల్లయ్య కార్యదర్శి. సభ్యులుగా ఉండటానికి ఇక ఎవరూ మిగల్లేదు. బడి వెనక గదిలో ధాన్యం కొలిచే మానికలు, తాటాకు కట్టలు, పిడి లేని కత్తి ఒకటి ఉన్నాయి. ఏ వస్తువునూ ఊరికే తీసుకోరు. ఇచ్చినవాళ్ళు ఎదురుగా కూర్చుని దాని ముచ్చట చెప్పాలి. దాన్ని కరీం సాబు ఉర్దూలో, మల్లయ్య తెలుగులో రాసుకుంటారు. పట్నంలో నేను చూసిన అద్దాల బీరువాల్లో వస్తువులకు అంకెలే ఉన్నాయి; ఇక్కడ మానికకు నాలుగు పేజీల జీవితం ఉంది. అది వింటుండగానే కరీం సాబు ఇంటి నుంచి జొన్నరొట్టెలు, చింతకాయ తొక్కు వచ్చాయి. పండితుడికి పెట్టిన ఆ రొట్టెలు మూడు తిన్నాను. సిగ్గుపడుతూనే తిన్నాను.

తిన్నాక అసలు సంగతి బయటపెట్టారు. ఊరి బయట పాత దిగుడుబావి పక్కనున్న ఆ శాసనాన్ని, కంకర కోసం కొట్టడానికి రోడ్డు కంట్రాక్టరు మనుషులు గుర్తుపెట్టి వెళ్ళారట. మర్నాడు వాళ్ళు రాకముందే మల్లయ్య రాతికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, ఎర్రగుడ్డ కట్టాడు. సుత్తెలతో వచ్చినవాళ్ళు దండం పెట్టుకుని వెళ్ళిపోయారు. చరిత్ర గెలిచింది. కానీ ఊరు కూడా దండం పెట్టడం మొదలుపెట్టి, రాతి మీదే కొబ్బరికాయలు కొడుతోంది. కాయ కాయకూ ఒక అక్షరం లేచిపోతోంది. నిజం చెబితే కంట్రాక్టరు వస్తాడు, చెప్పకపోతే కాయలు వస్తాయి.

పైగా అమ్మవారికి బాలమ్మ అనే ముసలామె కావలి ఉంటోంది. కాయలు కొట్టేవాళ్ళను ఆపలేకపోయినా, ఎవరినీ చెయ్యి మాత్రం వేయనివ్వదు. ఆమె ముందు 'రాయి' అన్న మాట అనవద్దని కరీం సాబు చెవిలో హెచ్చరించారు. అచ్చు తీయాలంటే రాయిని కడిగి, తడి కాగితం పరిచి, కుంచెతో అద్ది, మసి పూయాలి. కాబట్టి నేను బాలమ్మకు చేతులు జోడించి, అమ్మవారికి స్నానం చేయించి, కాగితం చీర కట్టి, కాటుక దిద్దే భాగ్యం ప్రసాదించమన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి, తానే బావిలో దిగి నీళ్ళు తెచ్చింది. రాతి మొదట్లో పేరుకున్న మట్టిని చేతులతో తోడింది. అడుగున ఇంకో మూడు పంక్తులు బయటపడ్డాయి, నిన్న చెక్కినంత స్పష్టంగా.

కాగితం ఆరుతుండగా మిగతా ఇద్దరూ చెట్టు నీడకు వెళ్ళారు. బాలమ్మ నా పక్కన కూర్చుంది.

"అమ్మోరు గాదని నాకెరుకనే బిడ్డా. మల్లయ్య పసుపు రుద్దంగ సూసిన. కాయలు కొట్టద్దంటె ఎవ్వలింటరు? అందుకే అడుగున మట్టి ఎక్కేసిన. ఈ బాయి మా వడ్డెరోళ్ళు తవ్విండ్రని మా అత్త చెప్పేది. రాయి మీద పేరున్నదట. ఊళ్ళె నమ్మరు. ఉన్నదో లేదో జర సదివి చెప్పు."

నా పాండిత్యం అంతటితో సమాప్తమైంది. "అవ్వా, నాకు చదవడం రాదు. పట్నంలో చదివించుకొస్తాను."

"నువ్వన్న మల్ల వస్తవా?"

వస్తానన్నాను.  సాయంత్రం రైలుబండిలో ఆ కాగితాన్ని గుండెకు హత్తుకుని, ఎవరూ ఆనుకోకుండా కాచిగూడ దాకా నిలబడే వచ్చాను.

పై వారం మళ్ళీ వెళ్ళాను. మా అధ్యాపకులు చదివినంతలో, పైన రాజుగారి పేరు, బిరుదులు కొబ్బరికాయల పాలయ్యాయి. మట్టిలో దాగిన చివరి పంక్తి మాత్రం పూర్తిగా ఉంది. బావి దగ్గరే కరీం సాబు, మల్లయ్య వింటుండగా చదివాను: "ఒడ్డ పోచని కొడుకు ఎల్లడు తవ్వె."

బాలమ్మ ఇంకోసారి చదవమంది. చదివాను. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఎల్లడేంది," అంది. "ఎల్లయ్య అని సదువు. గింత బాయి తవ్వినోడు."

ఎల్లయ్య అని చదివాను. పండితుడనుకుని రొట్టె పెట్టినవాళ్ళకు, చదవడం రాదని తెలిసినా మళ్ళీ వస్తానంటే నమ్మినామెకు నేను రుణపడి ఉన్నాను. శాసనాన్ని ఉన్నదున్నట్టు చదవాలని మా అధ్యాపకులు చెబుతారు. ఆయన మాటా నిజమే. కానీ పేరు పక్కన ఉండాల్సిన గౌరవాన్ని చెక్కినవాడు మరిచిపోతే, చదివేవాడు కలుపుకోవడం తప్పు కాదని తొండుపల్లిలో నేర్చుకున్నాను. రోడ్డు పని షాద్‌నగర్ దాటిపోయింది కనుక రహస్యం ఇలా బట్టబయలు చేస్తున్నాను. మీరు వెళితే కొబ్బరికాయ తప్పక తీసుకెళ్ళండి. కొట్టకుండా బాలమ్మ చేతికివ్వండి.