నడిమి టీము కోసం తగ్గించిన మూడేళ్లు

డెబ్బైల మొదట్లో నేను గోదావరిఖనిలో ఒక బాయి ఆఫీసులో గుమాస్తాగా ఉండేవాణ్ని. బొగ్గు గనిని మావైపు బాయి అనే అంటారు. షిఫ్టుకు దిగేవాళ్ల హాజరు వేయడం, ఒక్కో కార్మికుడి ఇంట్లో ఎవరెవరున్నారో, ఎవరు ఏ ఏడు పుట్టారో ఒక పెద్ద పుస్తకంలో రాసిపెట్టడం నా పని. మధ్యాహ్నం రెండింటికి డ్యూటీ దిగేవాణ్ని. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. పెళ్లి కాలేదు. అమ్మకూ చెల్లెలికీ నా నౌకరీయే ఆధారం. సాయంత్రాలు ఏం చేయాలో తోచక క్వార్టర్ల పిల్లలను పోగుచేసి ఫుట్‌బాల్ ఆడించడం మొదలుపెట్టాను. మందమర్రిలో బడికి పోయే రోజుల్లో ఫుల్‌బ్యాక్ ఆడేవాణ్ని. నాకు వచ్చిన ఆట అంతే.

మా మైదానం బొగ్గు యార్డు వెనకాల. గడ్డి పరక లేదు. కింద బొగ్గు తీసేసిన చోట నేల కుంగి ఒక మూల పల్లమైంది. కొట్టిన బంతల్లా అటే దొర్లేది. గోలు కర్రలు బాయిలో పనికిరాక పారేసిన దుంగలు. పిల్లలందరూ ఒట్టి కాళ్లతోనే ఆడేవాళ్లు. ఆట అయ్యాక ఉమ్మితే నల్లగా పడేది.

క్లబ్బులో మూడు టీములు. పన్నెండేళ్ల లోపు వాళ్లది చిన్న టీము, పద్నాలుగేళ్ల లోపు వాళ్లది నడిమి టీము, పదహారేళ్ల లోపు వాళ్లది పెద్ద టీము. దసరా అయ్యాక మొదలై ఎండలు ముదిరేలోపు పోటీలు ముగిసేవి. చుట్టుపక్కల గనుల క్లబ్బులన్నీ కలిసి ఒక కమిటీ పెట్టుకున్నాయి. నేను చెప్పబోయే ఏడాది మా చిన్న టీము ఆడిన ప్రతి ఆటా ఓడింది. నస్పూర్‌లో ఏడు గోల్స్ తిని మంచిర్యాలలో రైలెక్కితే పెట్టెలో పిల్లలందరూ ఏడుపే. పెద్ద టీము అంతకంటే అధ్వానం. ఆ వయసు వచ్చేసరికి ఒకడు హోటల్లో కుదిరేవాడు, ఒకడు పల్లెకు పోయి నాగలి పట్టేవాడు. ఆట రోజు పదకొండుమందిని నిలబెట్టడమే గగనమయ్యేది. ఒకసారి ఎనిమిది మందితోనే ఆడి ఓడాం.

మిగిలింది నడిమి టీము. దాన్ని నిలబెట్టింది ఒకే పిల్లవాడు. పొట్టివాడు, బక్కపలచన. ఎడమకాలితో ఆడేవాడు. బంతి వాడి కాలికి చిక్కితే ఇక ఇంకొకరికి దొరికేది కాదు. వాడి నాయన మా బాయిలోనే టింబర్ పని చేసేవాడు. బొగ్గు తీసిన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది. పల్లె నుంచి వచ్చిన మెతక మనిషి. హాజరు వేయించుకుంటూ, "మావోడు ఎట్ల ఆడుతుండు సారూ?" అని రోజూ అడిగేవాడు. మా పెద్ద టీము సంగతి తెలిసి కూడా, "మనోళ్లు గెలుస్తరా?" అని అడిగే మనిషి అతనొక్కడే.

ఆ పిల్లవాడికి పదహారేళ్లు నిండాయి. అది నాకు తెలుసు. లెక్క ప్రకారం ఏ టీములోనూ ఆడకూడదు. మనిషిని చూస్తే పదమూడేళ్లవాడిలా ఉంటాడు గనుక నడిమి టీములో దించాను. సీజనంతా ఎవరూ అడగలేదు. మందమర్రితో ఆఖరి ఆటకు వారం ఉందనగా వాళ్ల క్లబ్బు పెద్దమనిషి కమిటీ ముందు పట్టుబట్టాడు.

"గీ పిలగానికి మూతి మీద నూగు మొలుస్తున్నది. పద్నాలుగు నిండలేదంటె ఎవలు నమ్ముతరు? బాయి ఆఫీసు కాయితం తెమ్మనుండ్రి. లేకుంటె దించద్దు."

ఆ సాయంత్రం ఆట అయ్యాక పిల్లవాణ్ని పక్కకు పిలిచాను.

"వయసు తగ్గిచ్చి కాయితం తెస్తె ఆడుతవా?"

"ఆడుత అన్నా," అన్నాడు వాడు, ఒక్క క్షణం ఆలోచించకుండా.

"ఇంట్ల చెప్పకు మరి."

"చెప్ప."

మర్నాడు ఆఫీసులో అందరూ అన్నానికి పోయాక పుస్తకం తీశాను. వాడి నాయన పేరు మీద ఉన్న పేజీలో వాడు పుట్టిన సంవత్సరం దగ్గర ఆఖరి అంకెను బ్లేడుతో గీకాను. రెండేళ్లు తగ్గిస్తే పద్నాలుగు నిండినట్టే అవుతుంది. అందుకని మూడేళ్లు తగ్గించి రాశాను. సిరా కాస్త పాకితే అద్దుడు కాగితంతో ఒత్తాను. తర్వాత ఆ పుస్తకం చూసే సర్టిఫికెట్ టైపు చేసి, మేనేజర్ సంతకానికి పోయే కట్టలో నడుమ పెట్టాను. ఆయన చదవకుండానే సంతకం చేశాడు. కొత్త కాగితం చింపి పారేయొచ్చు, పుస్తకం అట్లాగే ఉంటుందన్న ఆలోచన నాకు రాలేదు. వచ్చినా చేసేవాణ్నే అనుకుంటాను. ఆ ఏడాది ఒక్క కప్పు అయినా తేవాలన్న కోరిక నాకు అంతలా ఉండింది.

మందమర్రిలో రెండు ఒకటితో గెలిచాం. రెండు గోల్సూ వాడివే. రెండో గోలుకు ముందు వాళ్ల ఫుల్‌బ్యాక్‌లు ఇద్దరూ ఒకరినొకరు గుద్దుకుని పడ్డారు, వాడు మధ్య నుంచి తీసుకుపోయాడు. వాడి నాయన షిఫ్టు మార్చుకుని వచ్చాడు. తిరుగు రైలు కోసం స్టేషన్‌లో కూర్చున్నప్పుడు పిల్లలందరికీ మిర్చీ బజ్జీలు కొనిపెట్టాడు. కొడుకును దగ్గరికి తీసుకోలేదు, మెచ్చుకోలేదు. వాడి కాలి బొటనవేలు చిట్లితే తన తువ్వాల చించి కట్టాడు.

తర్వాతి సీజన్‌లో ఆ కాగితం ప్రకారమే వాణ్ని పెద్ద టీముకు మార్చాను. పుస్తకంలో పద్నాలుగు, నిజానికి పదిహేడు.

ఆ మరుసటి వానల్లో బాయిలో పట్టాల మీద బొగ్గు మోసే టబ్బు ఒకటి వెనక్కి జారి వాడి నాయన నడుమును గోడకు నొక్కేసింది. మూడు నెలలు దవాఖానలో ఉన్నాడు. బతికాడు గాని కర్ర లేకుండా నిలబడలేకపోయాడు. పనికి పనికిరాడని డాక్టర్లు రాశారు. అట్లాంటివాళ్ల చోటులో కొడుకును తీసుకునే పద్ధతి మా బాయిలో ఉండేది. పద్దెనిమిదేళ్లు నిండితే చాలు. వాడికి నిండి నెల దాటింది.

తండ్రీ కొడుకులు ఆఫీసుకు వచ్చారు. తండ్రి కర్ర మీద ఆనుకుని మేనేజర్ బల్ల ముందు నిలబడ్డాడు. కొడుకు తలుపు దగ్గర ఆగిపోయాడు. నన్ను పుస్తకం తెమ్మన్నారు.

"కొడుకు వయసు ఎంతుంది చూడు," అన్నాడు మేనేజర్.

పేజీ నాకు తెలుసు. తెరిచి, గీకిన చోటు ఆయనకు కనబడకుండా వాల్చి పట్టుకున్నాను.

"పదిహేను సార్," అన్నాను.

తండ్రి నా వైపు తిరిగాడు. కోపంతో కాదు. నేను తప్పు పేజీ చూశానేమో అన్నట్టు.

"పదిహేనేంది సారూ? మా అవ్వ సచ్చిన నెలలనే పుట్టిండు వీడు. పద్దెనిమిది నిండినయ్. మంచిగ చూడుండ్రి."

"పుస్తకంలో ఉన్నదే లెక్క," అన్నాడు మేనేజర్. "ఇంకా మూడేళ్లు ఆగాలి. అంతవరకు ఆ చోటు ఆపడం నా చేతిలో లేదు."

"నేను చెప్పి రాయిచ్చిన సారూ. నా నోటితోనే చెప్పిన."

తలుపు దగ్గర పిల్లవాడు నన్నే చూస్తున్నాడు. ఒక్క మాట అంటే నా నౌకరీ పోయేది. వాడు అనలేదు. నేనూ అనలేదు. తండ్రి చాలాసేపు నిలబడి, కొడుకు భుజం పట్టుకుని మెట్లు దిగిపోయాడు.

రెండు రోజుల తర్వాత దరఖాస్తు రాసిపెట్టమని తల్లి మా క్వార్టర్‌కు వచ్చింది. రాశాను. ఎన్నేళ్లు పనిచేశాడో, ఎట్లా దెబ్బ తగిలిందో, ఇంట్లో ఇంకా ఇద్దరు ఆడపిల్లలున్నారని, దయచూపమని నాలుగు పేజీలు రాశాను. ఆ ఒక్క నిజం తప్ప అన్నీ రాశాను. ఆమె చదువుకోలేదు. కాగితాన్ని కళ్లకద్దుకుని తీసుకుపోయింది. దానికి జవాబు రాలేదు.

పిల్లవాడు గోదావరిలో ఇసుక ఎత్తే పనికి పోయాడు. బొగ్గు తీసిన ఖాళీల్లో నింపడానికి బాయిలకు ఇసుక పోయేది. ఆ పని కాంట్రాక్టర్లది. అక్కడ వయసు ఎవరూ అడగరు.

దసరా అయింది. సీజన్ మొదలైంది. పెద్ద టీముకు మళ్లీ మనుషులు చాలలేదు. పుస్తకం ప్రకారం వాడికి పదిహేనే గదా, పిలుచుకురమ్మని మా క్లబ్బువాళ్లు అన్నారు. వాళ్లకు అసలు సంగతి తెలియదు. నాకు తెలిసి కూడా పోయాను. ఇప్పుడు తలచుకుంటే దీనికే ఎక్కువ సిగ్గేస్తుంది.

ఏటి ఒడ్డున లారీకి చెక్కపలక ఆనించి ఉంది. వాడు నెత్తి మీద ఇసుక తట్టతో దాని మీద ఎక్కుతున్నాడు. తట్ట కుమ్మరించి దిగి వచ్చాడు. మెడ మీద చర్మం ఒరుసుకుపోయి ఎర్రగా ఉంది.

"ఏందన్నా, గింత దూరమొచ్చినవ్?"

"ఆదివారం నస్పూర్‌తోని ఆట ఉన్నది. మనుషులు తక్కువున్నరు."

వాడు తట్ట బోర్లించి దాని మీద కూర్చున్నాడు.

"పదిహేనని రాసున్నది గదా, గందుకు పిలుస్తున్నవా?"

ఆట మన మైదానంలోనే అని మాత్రం చెప్పాను.

"వస్త తీయ్. ఆదివారం లారీలు రావు," అన్నాడు.

వచ్చాడు. ప్రతి ఆదివారంలాగే చర్చికి పోయి, అక్కడి నుంచి నేను తిన్నగా మైదానానికి పోయేసరికే చిన్న టీము పిల్లలు వాడి చుట్టూ మూగి ఉన్నారు. ఆట మొదలయ్యాక పాత మనిషి కనబడలేదు. బంతి వచ్చేలోపే ఆయాసపడేవాడు. ఒక్కసారి మాత్రం ఎడమకాలితో ఇద్దరిని దాటించి గోలు దాకా పోయాడు, కొట్టే ముందు మోకాలు మడతపడి కూలబడ్డాడు. ఓడిపోయాం. అందరూ పోయాక నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, గా పుస్తకంల మల్ల ఒక్కసారి దిద్దరాదా? ఎట్లున్నదో గట్లనే రాయి. చోటు పోవుటానికి ఇంకో నెల ఉన్నదట. బాపు రోజు అడుగుతుండు, ఎట్ల తప్పు వడ్డదిరా అని."

"ఇప్పుడు దిద్దితె దొరికిపోత. మేనేజర్ తన చెవులతోని విన్నడు. నా నౌకరి ఊడుతది. మా అమ్మ, చెల్లె…"

"సరే అన్నా," అన్నాడు. నన్ను చివరిదాకా చెప్పనివ్వలేదు. "ఫికర్ చెయ్యకు, నేనైతే ఎవ్వలకు చెప్ప."

ఆ నెలంతా పుస్తకం నా బీరువాలోనే ఉంది. తాళంచెవి నా జేబులోనే. పోయి మేనేజర్‌కు ఉన్నది ఉన్నట్టు చెబుదామని రెండుసార్లు ఆయన గది దాకా పోయాను. ఒకసారి లోపల ఎవరో ఉన్నారు. రెండోసారి ఎవరూ లేరు. అయినా తిరిగి వచ్చాను. ఆదివారాలు చర్చిలో కళ్లు మూసుకుంటే తలుపు దగ్గర నిలబడిన పిల్లవాడే కనబడేవాడు. కళ్లు తెరిచి కూర్చునేవాణ్ని.

గడువు దాటింది. చోటు పోయింది. ఆ తర్వాత క్వార్టర్ ఖాళీ చేయమన్నారు. వాళ్లు నాలా పక్కన గుడిసె వేసుకున్నారు. తల్లి బొగ్గు యార్డులో రాళ్లు ఏరే పనికి కుదిరింది. ఎండాకాలం వచ్చేసరికి తండ్రి మంచం మీద పుండ్లు పడి చనిపోయాడు. పాడె వెనక నేనూ నడిచాను. తన వయసు ఎట్లా తప్పు పడిందో కొడుకు ఆయనకు చివరిదాకా చెప్పలేదని నాకు తెలుసు. చెప్పి ఉంటే ఆయన నన్ను అడిగేవాడు.

ఇంకో సీజన్ క్లబ్బు నడిపాను. పిల్లల వయసులు రాసే కాగితాలు ముందుకొస్తే క్లబ్బులో ఇంకెవరి చేతనైనా రాయించేవాణ్ని. బంతినీ పంపునూ ఇంకొకతనికి అప్పగించి మానేశాను. రెండేళ్లకు క్లబ్బే లేకుండా పోయింది.

పిల్లవాడు నాలుగేళ్లు ఇసుక మోశాడు. తర్వాత మందమర్రి వైపు ఒక బాయిలో బదిలీ కూలీగా కుదిరాడు. ఎవరైనా రాని రోజే పని దొరికేది. చేర్చుకునేటప్పుడు వాడి దగ్గర కాగితమేదీ లేదట. డాక్టర్ మొహం చూసి ఇరవై ఏడు అని రాశాడని విన్నాను. అప్పటికి వాడికి ఇరవై రెండు.

డెబ్బైల చివర్లో ఒక పొద్దున దవాఖాన వరండాలో వాడి తల్లి నా పక్కన కూర్చుంది. నేను గుర్తుపట్టలేదు. ఆమే పలకరించింది. కొడుకు పెళ్లయిందని, ఒక బిడ్డ పుట్టిందని, తనకే దగ్గు తగ్గడం లేదని చెప్పింది.

"గప్పుడు గందరు మొఖం తిప్పుకుంటె నువ్వొక్కనివే దరఖాస్తు రాసిచ్చినవు బిడ్డా. నాలుగు కాయితాలు రాసిచ్చినవు. ఇంట్ల ఎప్పుడూ నీ ముచ్చటే."

చెప్పేయాలనుకున్నాను. నోరు తెరిచాను కూడా.

"వాడు ఆడుతుండా ఇంకా?" అని అడిగాను.

"యాడ ఆడుతడు? నడుము నొప్పి వాడికి," అంది.

కిటికీ లోపలి నుంచి ఆమె నంబర్ పిలిచారు. చీటీ పట్టుకుని, నా భుజం మీద చేయి ఆనించి లేచింది.