గుండీలు విప్పిన తాత

గని కార్మికుల జబ్బుల మీద పనిచేసే ఫెలోషిప్‌తో డాక్టరుగా జాంబియా వెళ్ళడానికి వారం ముందు బేతమంగళలో కేజీఎఫ్ బస్సెక్కాను. నా సంచిలోంచి స్టెతస్కోపు బయటికి వేలాడుతోంది. పక్క సీటు ముసలాయన దాన్ని చూసి, నేనేమీ అడగకుండానే చొక్కా గుండీలు విప్పి, వీపు నా వైపు తిప్పి, గట్టిగా ఊపిరి పీల్చాడు.

"ఏం తాతా ఇది?" అన్నాను.

"మీకు కావాల్సింది ఇదే కదమ్మా. బంగారు గనిలో ఇరవై ఏండ్లు డ్రిల్లు పట్టినాను. ఇంగ మీ మాదిరి డాక్టరుకు చదివే పిల్లోళ్ళు ఏటా ఫారిన్ నుంచి వస్తా ఉండారు. మా కోరమండల్ గని కాలనీలో మమ్మల్ని వరసగా నిలబెట్టి వింటారు, రాసుకుంటారు, థ్యాంక్యూ అంటారు. లోపల ఏముండాదో ఒగరన్నా చెప్పినారా?"

వాళ్ళ మీద నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడే, ఆ బస్సులోనే విన్నాను. రాతిదుమ్ము తిన్న ఊపిరితిత్తులవి. ఆ జబ్బు గురించి పరీక్షలో పేజీలు నింపినదాన్ని, ఆయనకు ఆ సంగతి చెప్పకుండానే స్టెతస్కోపు మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఆండర్సన్‌పేట స్టాపు రాగానే ఆయన గుండీలు పెట్టుకుని లేచాడు.

"థ్యాంక్స్ తాతా," అన్నాను.

ఆయన నా మొహం కూడా చూడకుండా దిగిపోయాడు. నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపించింది.

జాంబియాలో మొదటిరోజు రాగి గని కార్మికుడొకడు నన్ను చూడగానే చొక్కా విప్పబోయాడు. ఆపి, ఇంతకుముందు తన ఊపిరి విన్నవాళ్ళు ఏం చెప్పారని అడిగాను.

"థ్యాంక్యూ అన్నారు," అన్నాడు.