బెన్విందమ్మ రాసిన రెండో పుస్తకం

పిందారే నది ఒడ్డున మా ప్రసూతి ఆసుపత్రిలో ముప్పై ఎనిమిదేళ్లుగా పుట్టుకల పుస్తకం రాస్తున్నది బెన్విందమ్మ. ఒకసారి ఆవిడకు జలుబు చేసి మూడు రోజులు రాకపోతే, నెలలు నిండిన పదకొండుమంది వరండాలో పేకాడుకుంటూ కూర్చున్నారు, పుస్తకంలో రాసే మనిషి వచ్చాకే కంటామని. నమ్మకపోతే మీ ఖర్మ. ఐదో తరగతిలోనే బడికి దండం పెట్టి స్ట్రెచర్ తోస్తున్న నాకు అబద్ధాలాడేంత చదువెక్కడిది?

మామూలు కాన్పుకు నీలం సిరా, కోత పడితే ఎర్ర సిరా. పాత పుస్తకాల్లో ఎరుపు దోమకాటులా అక్కడొకటి ఇక్కడొకటి. ఇప్పుడు సగం పేజీ ఎరుపే.

రాజధాని నుంచి కొత్తగా వచ్చిన డాక్టర్ తార్సిలా ఆ పుస్తకాలన్నీ ముందేసుకుని లెక్క తీసింది.

"చూశారా బెన్విందమ్మా! అప్పట్లో నూటికి ఆరు కోతలు, వెయ్యికి నలుగురు పిల్లలు పోయారు. ఇప్పుడు యాభై రెండు కోతలు, పదకొండుమంది పోతున్నారు. ఈ కోతలే చంపుతున్నాయి. ఆపరేషన్ గది సగం రోజులు మూసేయమని శుక్రవారం పై ఆఫీసుకు రాసేస్తా."

బెన్విందమ్మ కాఫీ కప్పు కింద పెట్టింది. "నలుగురేనా? ఎవరు చెప్పారు నీకు?"

"మీ పుస్తకమే."

"ఏంటి పిన్నీ, మొహం అలా పాలిపోయింది?" అన్నాను.

"నోర్ముయ్ నివాల్దో. ముందు నీ స్ట్రెచర్ చక్రానికి నూనె పెట్టుకో. కుక్కపిల్ల ఏడ్చినట్టుంది."

తిట్టి, బీరువా అడుగునుంచి ఒక పచ్చ పుస్తకం తీసింది. ఆ రోజుల్లో పుట్టిన రోజే పోయిన బిడ్డను మా వైపు చిన్ని దేవదూత అనేవారు. పుట్టినట్టు రాస్తే పోయినట్టూ కాగితం రాసి తల్లి చేతికివ్వాలి. బెన్విందమ్మకు చేతులు రాలేదు. పద్దెనిమిదేళ్లపాటు వాళ్లను పెద్ద పుస్తకంలో ఎక్కించకుండా ఇందులో రాసుకుంది. ఆరువందల ముప్పై ఒక్క పేర్లు. అది బయటపడితే, మూడు నెలల్లో రావలసిన పింఛను ఆగిపోతుంది.

డాక్టరమ్మ మళ్లీ లెక్కేసింది. అప్పట్లో పోయింది వెయ్యికి నలుగురు కాదు, నలభై ఆరుగురు. కోతలు నూటికి ఇరవై అయ్యేదాకా చావులు తగ్గుతూ వచ్చాయి. ఆ పైన ఎరుపు ఎంత పెరిగినా పదకొండు దగ్గరే నిలిచిపోయాయి.

"అంటే గది మూయకూడదు," అంది డాక్టరమ్మ నెమ్మదిగా. "అలాగని ఇంతమందిని కోయనూ అక్కర్లేదు. ఇంక్యుబేటర్లు కూడా అప్పుడే వచ్చాయి, మెప్పంతా కత్తికే ఇవ్వలేం. మీ పేరు మాత్రం రాయనులెండి."

"పేరు లేకపోతే ఈ పుస్తకాన్ని ఎవరు నమ్ముతారే? బెన్విందా. తప్పు లేకుండా రాయి."

అనుకున్నట్టే పింఛను ఆగింది. ఏడు నెలలు ఆసుపత్రి గేటు దగ్గర కర్రపెండలం పిండితో అట్లు పోసి అమ్మింది. ఒక్క అట్టుతో నలుగురు డాక్టర్లు రెండు రోజులు బతికారు, నా కళ్లారా చూశాను.

చివరికి విచారణాధికారి వచ్చాడు.

"పోయిన పిల్లలకు పేర్లెందుకు పెట్టావమ్మా?"

"నీళ్లు చల్లి జ్ఞానస్నానం చేయించాలంటే ఏమని పిలవాలి సార్?"

ఆయన పచ్చ పుస్తకం చివరిదాకా తిరగేశాడు. అందరినీ బెన్విందమ్మ తన చేత్తోనే పెద్ద పుస్తకంలో ఎక్కించాలి, ఆ తర్వాతే పింఛను అని శిక్ష వేశాడు.

నేను పేర్లు చదివాను, ఆవిడ రాసింది. పని తెమలాలని రెండు పేర్లు కలిపి చదివేస్తే కలం పైకెత్తింది.

"తొందరేంట్రా? ఒక్కొక్కళ్లనే రానీ."