తాయెత్తులో బొడ్డు

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను స్టీల్ ప్లాంటులో క్రేన్ నడిపేవాణ్ణి. రేచీకటి ముందునుంచే ఉంది. తర్వాత చూపు పక్కలనుంచి మూసుకురావడం మొదలైంది. ఎదురుగా ఉన్న మనిషి కనిపించేవాడు, పక్కనున్నవాడు కనిపించేవాడు కాదు. రెటీనా పాడవుతోందనీ, దీనికి మందు లేదనీ కంటి డాక్టరు చెప్పాడు. ప్లాంటులో నేనెవరికీ చెప్పలేదు. కింద మనుషులు తిరుగుతుంటే పైన బరువులు తిప్పేవాణ్ణి. ఆ భయం నన్ను కుదురుగా ఉండనిచ్చేది కాదు. కంచం ముందు కూచుని లేచిపోయేవాణ్ణి, అయినదానికీ కానిదానికీ అమ్మ మీద విరుచుకుపడేవాణ్ణి.

ఒకరోజు పేపర్లో మూలకణాల గురించి రాశారు. అవి బొడ్డుతాడు రక్తంలో ఉంటాయట, వాటితో పాడైన కంటిపొరను బాగుచేసే పరిశోధనలు జరుగుతున్నాయట. అమ్మకు వినబడేలా చదివాను, అదే నా పొరపాటు. ఆమె లోపలికెళ్ళి ట్రంకుపెట్టె తెరిచింది.

చిన్నప్పుడు నా మొలతాడుకు కట్టిన రాగి తాయెత్తు తెచ్చింది. అందులో ఉన్నది నా బొడ్డే. పసిబిడ్డకు ఊడిన బొడ్డుతాడు ముక్కను ఎండబెట్టి తాయెత్తులో దాచడం మావైపు ఉన్నదే.

నవ్వొచ్చింది, ఒళ్ళూ మండింది. అయినా కంటి డాక్టరు దగ్గరికని దువ్వాడలో ఇద్దరం బస్సెక్కాం. ఆమె కోసమే వెళ్తున్నాననుకున్నాను గానీ, ఆశ నాకే ఎక్కువ. ఆస్పత్రి వరండాలో పదిసార్లు లేచి తిరిగాను, తిరిగినప్పుడల్లా ఏదో ఒక బెంచీకి మోకాలు కొట్టుకున్నాను.

డాక్టరు నవ్వలేదు. ఈ వైద్యం ఇంకా ప్రయోగాల్లోనే ఉందనీ, కంట్లో సూదేసి నయం చేస్తామనేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దనీ చెప్పాడు. తాయెత్తు చేతిలోకి తీసుకుని, ఎండినదాంట్లో బతికున్న కణం ఉండదన్నాడు.

"పచ్చిగా ఉన్నప్పుడు తెస్తే పనికొచ్చునా బాబూ?" అని అడిగింది అమ్మ.

అప్పట్లో ఈ సంగతి ఎవరికీ తెలీదమ్మా అన్నాడాయన. ఆమె అడిగింది అది కాదు.

బస్టాపులో అటూ ఇటూ తిరుగుతున్న నన్ను చెయ్యి పట్టుకుని ఆపింది.

"నానే ఎండలో ఎట్టీసినానురా. కాకులెత్తుకుపోకుండా మూడ్రోజులు పక్కనే కూకుని కాసినాను."

నా కోపమంతా నీరుగారిపోయింది. పచ్చిదైనా పనికిరాదమ్మా అన్నాను. ఆమె నమ్మలేదు. తాయెత్తు నాకివ్వబోయింది. ఆమె చెయ్యి పక్కనుంచి వచ్చింది, నాకు కనిపించలేదు. నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది.

ఊడిపోయిన ముక్కకే మా అమ్మ అంత కాపలా కాసింది. నేను రోజూ ఎందరో తల్లుల పిల్లల తలల మీద బరువులు తిప్పుతున్నాను.

మర్నాడు తాయెత్తు మొలతాడుకు కట్టుకుని డ్యూటీకి వెళ్ళాను. క్రేన్ ఎక్కకుండా నేరుగా ఫోర్‌మన్ దగ్గరికి వెళ్ళి, నాకు చూపు పోతోందని చెప్పాను.