విప్పని సిలిండర్ హెడ్

షోరూమ్‌లో మీరు కొన్న బండే ట్రాక్ మీద గెలిచిందని పోస్టర్ చూసి మురిసిపోయారే, గెలిచిన ఆ ఇంజన్‌ను ఎవరైనా విప్పి చూశారా అని ఒక్కసారైనా అడిగారా?

రెండేళ్ల కిందటి డిసెంబరు. ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయ్ శివారు మైదానంలో మా క్లబ్ ప్రొడక్షన్ క్లాస్ రేసు పెట్టింది. అంటే కంపెనీ అమ్మినట్టే ఉన్న బైకుల పోటీ. అద్దాలు, లైట్లు తీసేయవచ్చు, ఇంజన్ జోలికి మాత్రం వెళ్లకూడదు. హథ్‌ఖోజ్ పారిశ్రామికవాడలో ఇరవై ఏళ్లుగా లేత్ షాపు నడుపుతున్నానని నన్ను స్క్రూటినీర్‌ని చేశారు. బండి నిబంధనల ప్రకారం ఉందో లేదో తనిఖీ చేసి సంతకం పెట్టేది నేనే. గెలిచినవారికి దక్షిణాదిలోని పెద్ద ట్రాక్ మీద శిక్షణ.

చరోదా రైల్వే కాలనీ అమ్మాయి లావణ్య దానికోసమే వచ్చింది. రోజూ కాలేజీకి తిరిగే బండే తెచ్చింది. శిక్షణకు వయసు పరిమితి ఉంది, ఆమెకు అదే ఆఖరి ఏడు.

విక్కీ అనే కుర్రాడిదీ అదే మోడల్. స్టార్ట్ లైన్ దగ్గర వాడు టైరు కింద నిమ్మకాయ పెడుతుంటే ఊరుకోలేకపోయాను. మూఢనమ్మకాల మీద సభల్లో గొంతు చించుకునేవాణ్ణి కదా.

“ఏరా, నిమ్మకాయకి హార్స్‌పవర్ ఎంతేటి?”

వాడు చెవి దగ్గరకొచ్చి నవ్వాడు. “నిమ్మకాయ మమ్మీ కోసం అంకుల్. పవర్ తో ఆప్‌నే దియా నా!”

నిజమే, ఆ పవర్ ఇచ్చింది నేనే. నెల ముందు వాడి బండి సిలిండర్ హెడ్, అంటే ఇంజన్ పైమూత, నా షాపుకే వచ్చింది. దాని అడుగును లేత్ మీద పలచగా కోస్తే, కంప్రెషన్ పెరిగి బండి బలం పుంజుకుంటుంది. ఆ పనిని ఫేసింగ్ అంటాం. ఎందుకని అడగలేదు. అందరూ చేయించేదేగా అనుకున్నాను. ఆ ఉదయం తనిఖీలోనూ పైపైన చూసి సంతకం పెట్టేశాను.

ఆఖరి మలుపు దాకా లావణ్యే ముందు. తర్వాతి తిన్నని దారిలో విక్కీ ఆమెను దాటేశాడు. హెల్మెట్ అయినా తీయకుండా ఆమె నా దగ్గరకొచ్చింది.

“బాబాయ్, సేమ్ మోడల్. స్ట్రెయిట్‌లో అలాగ ఎలాగ ఎల్లిపోనాడు? హెడ్ ఇప్పండి.”

“ఓడిపోయినోలంతా ఇలాగే అంటారమ్మా.”

“మరి గెలిచినోలు ఏటంటారు?”

స్పానర్ నా చేతిలోనే ఉంది. విప్పితే ఆ హెడ్ మీద నా లేత్ గీతలే బయటపడతాయి. “టైమైపోనాదమ్మా” అన్నాను. విక్కీ గెలిచినట్టు ప్రకటించారు.

మరుసటి ఏడు మా రేసుకు వచ్చిన బండ్లన్నీ ఏదో ఒక లేత్ ఎక్కి దిగినవే. పేరు మాత్రం ప్రొడక్షన్ క్లాసే. మామూలు బండితో మామూలు మనిషి గెలవగలడన్న మాటే ఆ పోటీకి ప్రాణం. అది పోయాక మిగిలింది పోస్టరు.

ఆ తర్వాతే చరోదా వెళ్లి లావణ్యకు అంతా చెప్పాను. జాముల్ ఫ్యాక్టరీలో షిఫ్టుకు బయలుదేరుతోంది. అదే బండి, హ్యాండిల్‌కి టిఫిన్ డబ్బా.

“ఇప్పుడు చెప్తే ఏటి లాభం బాబాయ్?” అని కిక్ కొట్టి వెళ్లిపోయింది.

టైరు కింది నిమ్మకాయ ఆమెకు ఏ హానీ చేయలేదు. చేసింది నా సంతకం. చూడకుండా నమ్మమనేది ఏదైనా మూఢనమ్మకమేనని నేను ఎన్ని సభల్లో చెప్పానో! నా షాపు గుమ్మంలో ఆ మాట మరిచాను.

ఈసారి రేసుకు వెళ్తే, గెలిచిన బండి హెడ్ అందరి ముందూ విప్పేదాకా చప్పట్లు కొట్టకండి. లేచి నిలబడి “విప్పండి” అని అడగండి. స్పానర్ పట్టుకున్నవాడు టైమైపోయిందంటే, మళ్లీ అడగండి.