జాబితాలో నేను కొట్టేసిన వరుస

అమ్మవారి విగ్రహం వెంట వెళ్ళకపోవడం శిల్పి తప్పేనని మా నంద్యాల ఆఫీసులో ఇప్పటికీ అనుకుంటారు. అది నిజం కాదు. ఆ మాట పుట్టించింది నేను.

మాది రాతి విగ్రహాల వ్యాపారం. చెక్కే షెడ్డు ఆళ్లగడ్డలో, ఆర్డర్లు తీసుకుని లారీలు పంపే ఆఫీసు నంద్యాలలో. నేను మేనేజరును. షెడ్డులో పెద్ద శిల్పి నాకన్నా పదిహేనేళ్ళు పెద్ద. శనివారాలు నేను అక్కడికి వెళితే, ఇద్దరం చేతులు కడుక్కుని, చెక్కని రాయి మీద కూర్చుని ఉగ్గాని, బజ్జీ తినేవాళ్ళం. మిగతా ఆరు రోజులూ నా క్యారియరు నేనొక్కణ్ణే విప్పుకునేవాణ్ణి.

గుడిలో నిలబెట్టే విగ్రహానికి ఆయన కళ్ళు పూర్తిచేసి పంపడు. కంటిపాప గీత వదిలేస్తాడు. ప్రతిష్ఠ రోజున తానే ఆ ఊరికి వెళ్ళి, తెర చాటున ఉలితో ఆ గీత గీస్తాడు. అటువంటి ఆర్డరు పక్కన తన నోటుబుక్కులో ఒక చుక్క పెట్టుకునేవాడు. ఆ చుక్క చూసి నేను ఆయన ప్రయాణం ఏర్పాటు చేసేవాణ్ణి.

ఇంతలో వ్యాపారమంతా ఒకేచోట చూసుకునే సాఫ్ట్‌వేర్ కొన్నాం. అమర్చడానికి వచ్చిన ఇంజినీరమ్మ మొదటిరోజే చెప్పింది. "ఉన్నది ఉన్నట్టు వాడుకోండి సార్. మీ పని నిజంగా వేరేగా ఉన్నచోట మాత్రమే మార్పిద్దాం."

మా యజమాని వినలేదు. కంప్యూటర్లో మొదటి తెర మీద తన తండ్రి ఫొటో కావాలన్నాడు. బిల్లు చుట్టూ తీగల అంచు కావాలన్నాడు. నేనూ నాలుగు రిపోర్టులు అడిగాను. వాటిలో ఒక్కటి కూడా ఇంతవరకు తెరిచి చూడలేదు.

శిల్పి నోటుబుక్కు సంచిలో వేసుకుని బస్సెక్కి వచ్చాడు.

"ఏందప్పా, దీంట్లో నా చుక్క యాడ పెడతాండారు?"

"ఆర్డరు పక్కనే ఒక గడి పెట్టిస్తాన్నా. 'శిల్పి వెంట వెళ్ళాలా' అని."

"మరిచిపోతావ్ నువ్వు. నీకు అమ్మవారూ ఒకటే, తోటలో పెట్టే కొంగబొమ్మా ఒకటే."

ఇంజినీరమ్మ నవ్వింది. నేనూ నవ్వి, చేయించాల్సిన మార్పుల జాబితా చివర ఆ వరుస రాశాను.

వారం తర్వాత ఆమె ఆ జాబితానే నా ముందు పెట్టింది. ఇన్ని మార్పులు చేస్తే కొత్త వెర్షన్ వచ్చినప్పుడల్లా అన్నీ మళ్ళీ సరిచూసుకోవాలి, కొన్ని తీసేయమంది. యజమాని అడిగినవి ముట్టుకునే ధైర్యం నాకు లేదు. నేను అడిగినవి తీసేయడానికి మనసొప్పలేదు. శిల్పి వరుస కొట్టేశాను.

"మీ పనిలో వేరేగా ఉన్నది అదొక్కటే కదా సార్?" అందామె.

"పాత అలవాటమ్మా. ఫోన్లో చెప్పుకుంటాంలే."

ఆ సంగతి శిల్పికి చెప్పలేదు. గడి ఉందనుకుని ఆయన నోటుబుక్కు మూసేశాడు.

బండి ఆత్మకూరు అనే ఊరి దగ్గర ఒక పల్లెకు అమ్మవారు వెళ్ళాల్సి వచ్చింది. తెర మీద 'పూర్తి' అని ఉంటే చూసి, శిల్పికి ఫోన్ చేయడం మరిచి, లారీ ఎక్కించాను. ఆయనేమో నా కబురు కోసం షెడ్డులో ఎదురుచూస్తున్నాడు. ప్రతిష్ఠ రోజు ఊరివాళ్ళు ఫోన్ చేశాక బయలుదేరి, ముహూర్తం దాటాక చేరాడు. ఆయన్ని గుడి గడప తొక్కనివ్వలేదు. మరోరోజు వేరే శిల్పిని పిలిపించుకుని కన్ను తెరిపించుకున్నారు.

మర్నాడు యజమాని ఇద్దరినీ పిలిచాడు. "వెంట పోవాలని ఈయన నీకు చెప్పినాడా లేదా?" అని నన్నడిగాడు.

"చెప్పలేదు సార్" అన్నాను.

శిల్పి నా పక్కనే నిలబడి ఉన్నాడు. నా వైపు ఒకసారి చూసి బయటికి నడిచాడు. సాయంత్రానికి ఉలులు మూటగట్టుకుని షెడ్డు విడిచి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత శనివారాలు షెడ్డుకు వెళ్ళినా, పని చూసుకుని తినకుండానే వచ్చేసేవాణ్ణి.

మూడేళ్ళు పట్టింది నాకు, ఆళ్లగడ్డలో ఆయన ఇంటి ముందు నిలబడడానికి. ఆయన అరుగు మీద కూర్చుని చిన్న నంది చెక్కుతున్నాడు. అంతా చెప్పాను. ఉలి ఆపకుండానే విన్నాడు.

"నాకెందుకు చెప్తాండావప్పా? నాకు తెలీందేముంది ఇందులో? ఆ ఊర్లో చెప్పుపో."

అటునుంచి అటే వెళ్ళాను. గుడి ముందు నలుగురిని కూర్చోబెట్టి చెప్పాను. విన్నారు, మంచినీళ్ళిచ్చి పంపారు. యజమానికి చెబితే, "అయిపోయిందాన్ని ఇప్పుడెందుకు తవ్వుతావ్" అన్నాడు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆయన చెప్పాడు. నేను కొట్టేశాను.

పోయినేడు ఆ గడి పెట్టించాను. అరగంట పని. ఇప్పుడు షెడ్డులో ఉన్నవాళ్ళు కళ్ళు కూడా అక్కడే పూర్తిచేసి పంపుతారు, విగ్రహం వెంట ఎవరూ వెళ్ళరు. ప్రతి ఆర్డరులోనూ సాఫ్ట్‌వేర్ 'శిల్పి వెంట వెళ్ళాలా' అని అడుగుతుంది. వద్దు అని నేనే నొక్కుతాను.