ఆకుపచ్చ తీగ పక్కన నల్ల తీగ

ఏళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ డైరీ రాసే అలవాటు నాది. వాన పడిందా, కాలువకు నీళ్ళు వదిలారా, అన్నీ రాస్తాను. ఇది మాత్రం రాయలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

సిరుగుప్పలో మా వీధిలోనే వీరేశప్ప తన ఇంటి ముందుగదిలో టైపింగు అంగడి నడిపేవాడు. బియ్యం మిల్లుల ఊరు, ఎలుకలకు కొదవ లేదు. అతని కంప్యూటర్‌లో కరెంటు తీగలు కొరికేశాయి. టెలిఫోన్ ఎక్స్చేంజిలో కేబుళ్ళు అతికి రిటైరైనవాణ్ణి, నేనే చేసిస్తానన్నాను. తెగిన తీగల కొసలకు కొత్త పిన్నులు బిగించాలి. పిన్ను రెక్కలు లోపలి రాగినీ పట్టుకోవాలి, పైతొడుగునూ పట్టుకోవాలి. దానికి వేరే పనిముట్టు ఉంటుంది. నా దగ్గర లేదు. మామూలు కటింగ్ ప్లేయరుతో నొక్కేశాను. రెండు తీగలకు తొడుగు ఎక్కువ ఒలిచాను కూడా. ఒకటి ఆకుపచ్చది, రెండోది దాని పక్కనున్న నల్లది. ఆ రెండూ తాకితే చాలు, ఎవరూ మీట నొక్కకుండానే యంత్రం లేస్తుంది. రాగి పోగులు బయటికి కనిపించాయి. చూశాను. తాకవులే అనుకున్నాను.

నెల తిరగకముందే వీరేశప్ప గుండె ఆగి పోయాడు.

అతని భార్య సుంకమ్మను పుట్టినూరు హచ్చొళ్ళికి తీసుకుపోవడానికి ఆమె తమ్ముడు టెంపో తెచ్చాడు. మిట్టమధ్యాహ్నం. సామాన్లు ఎక్కించడానికి నేనూ వెళ్ళాను. బయట వడ్ల లారీ పోయింది, గోడలు అదిరాయి. ముందుగదిలో కంప్యూటర్ ఫ్యాను తిరిగిన చప్పుడు.

"ఎవురూ ముట్టలేదు," అంది సుంకమ్మ. "ఆయనే. నేను పోతాండానని వచ్చినాడు."

తమ్ముడు నవ్వాడు. "బతికున్నప్పుడే మధ్యాన్నం నిద్ర లేసేటోడు కాదు బావ, ఇప్పుడు లేస్తాడా? ఎలుక దూరుంటాదిలేక్కా." నా వైపు తిరిగాడు. "రిపేరు చేసింది నువ్వే కదన్నా. ఏంది కథ? తీగ యాడన్నా లూజుండాదా?"

ఆమె నన్నే చూస్తోంది.

"నా పనిలో లూజేముంటాదప్పా," అన్నాను. "అంతా సరిగ్గానే ఉండాది."

అంతే. టెంపో ఖాళీగా వెనక్కి పోయింది.

ఎందుకలా అన్నాను? ఆమె మీద జాలితోనని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. జాలి కాదు. నా చేతి పని చెడిందని ఆ ఇద్దరి ముందు ఒప్పుకోవడం కంటే, చచ్చినవాడు తిరిగొచ్చాడని ఆమెను నమ్మనివ్వడం నాకు సులువైంది.

తమ్ముడు మళ్ళీ మళ్ళీ వచ్చి, చివరికి అలిగి రావడం మానేశాడు. ఆమె అంగడి తెరవలేదు. రోజూ మధ్యాహ్నం రెండు పళ్ళేల్లో అన్నం పెట్టుకుని యంత్రం ముందు కూర్చుంటుంది. ఒకసారి కొన్నాళ్ళు అది లేవలేదు. ఆయనకు కోపమొచ్చిందని ఆమె తిండి మానేసింది. దుమ్ము దులుపుతానని చెప్పి మూత తీశాను. రాగి పోగులు ఎడంగా జరిగి ఉన్నాయి. కత్తిరించి కొత్త పిన్నులు బిగిస్తే అన్నీ అక్కడితో ఆగిపోయేవి. గోటితో వాటిని మళ్ళీ దగ్గరికి వంచాను. ఆ సాయంత్రం ఆమె తిన్నది.

మొదటిదానికంటే ఇది పెద్ద తప్పా? ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఈమధ్య ఆయన మాట్లాడతాడంటోంది. మొన్న నేనక్కడ ఉండగా ఫ్యాను తిరిగింది. వీధిలో లారీ ఏదీ లేదు. ఆమె యంత్రానికి చెవి ఆనించి విన్నది. తల ఊపింది. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వేదో చెప్పాల్నంట కదన్నా," అంది.

ఏమీ లేదమ్మా అన్నాను. మూత తీసి చూడవచ్చు. పోగులు తాకి ఉంటే సరే. తాకి లేకపోతే?

చూడలేదు. ఆమెకు చెబుతానో లేదో తెలియదు. చెబితే ఆమె వీరేశప్పను రెండోసారి పోగొట్టుకుంటుంది. ఈసారి తీసుకుపోయేది నేను.

తీగ లూజే. ఆ లూజు నాదే. ఈ ముక్క రాయగానే, చాలా ఏళ్ళ తర్వాత, కాస్త గాలి ఆడుతోంది.